ఇంటర్‌లాకెన్‌లో మకాం: మోకాళ్ల నొప్పులున్న నాన్న, మూడేళ్ల పాప. ఏ రోజు ఎటు వెళ్లాలి?

ప్రశ్న (పల్లెబాట):
సెప్టెంబరులో అమ్మానాన్నలతో, పాపతో ఇంటర్‌లాకెన్‌లో ఉంటాం. నాలుగు రోజుల స్విస్ ట్రావెల్ పాస్ (స్విట్జర్లాండ్ రైళ్లు, బస్సులు, పడవలకి ఒకే టికెట్) కొంటున్నాం. నాన్నగారు మెట్లు ఎక్కువ ఎక్కలేరు. మంచుకొండల మీది రైలు స్టేషన్ యుంగ్‌ఫ్రౌయోహ్‌కి వెళ్లి తీరాలా? పాస్ ఎక్కడిదాకా చెల్లుతుంది?

రైలుబండి:
ఏ రోజు ఎటు అన్నది ఇంటి దగ్గరే ఖాయం చేసుకోకండి, అక్కడి ఆకాశాన్ని బట్టి పొద్దున తేల్చుకోండి. యుంగ్‌ఫ్రౌయోహ్ స్టేషన్ 3454 మీటర్ల ఎత్తులో ఉంది. పైనున్న లైవ్ కెమెరాలో అంతా తెల్లగా కనిపిస్తే ఆ రోజు వెళ్లడం దండగ. పాస్ గ్రిండెల్‌వాల్డ్ వరకూ, ఇటు వెంగెన్ వరకూ పూర్తిగా చెల్లుతుంది. ఆ పైన 25 శాతం తగ్గింపే, అయినా తలకి వంద ఫ్రాంకులు దాటుతుంది. గ్రిండెల్‌వాల్డ్ టెర్మినల్ నుంచి ఐగర్ ఎక్స్‌ప్రెస్ గొండోలా (తీగకి వేలాడుతూ వెళ్లే పెట్టె) 15 నిమిషాల్లో ఐగర్‌గ్లెచర్ స్టేషన్‌కి చేరుస్తుంది, అక్కణ్ణుంచి సొరంగంలో పళ్లచక్రాల రైలు.

అంత ఎత్తుకి గంటల్లో చేరిపోతాం కాబట్టి తల తిరగడం, ఆయాసం మామూలే. పైన నెమ్మదిగా నడవాలి. పాప గురించీ, పెద్దవాళ్లకి బీపీ, గుండె జబ్బు ఉంటే వాళ్ల గురించీ ముందే డాక్టర్‌ని అడగండి.

నన్నడిగితే మీ ఇంటిల్లిపాదికీ ముర్రెన్ మేలు. లాటర్‌బ్రునెన్ నుంచి కేబుల్ కారులో గ్రూచ్‌ఆల్ప్, అక్కణ్ణుంచి చిన్న రైలు. మొత్తం పాస్‌లోనే. కార్లు తిరగని ఊరు, ఎదురుగా ఐగర్, మ్యోంష్, యుంగ్‌ఫ్రౌ శిఖరాలు మూడూ కనిపిస్తాయి.

ఒక్క జాగ్రత్త: ఇంటర్‌లాకెన్ ఓస్ట్ (తూర్పు) స్టేషన్‌లో ఎక్కే రైలు ట్స్వైల్యూచినెన్‌లో రెండుగా విడిపోతుంది, సగం లాటర్‌బ్రునెన్‌కి, సగం గ్రిండెల్‌వాల్డ్‌కి. పెట్టె మీద రాసిన ఊరి పేరు చూసి ఎక్కండి.

నీలిసరస్సు:
సరస్సుల పడవలు రెండు చోట్లా పాస్‌తో ఉచితం. బ్రియెన్జ్ సరస్సు పడవ ఓస్ట్ స్టేషన్ వెనక, తూన్ సరస్సు పడవ వెస్ట్ స్టేషన్ దగ్గర. ఒకచోటికి బదులు ఇంకోచోటికి వెళ్లి పడవ అందుకోలేకపోయేవాళ్లు ఉంటారు. ఓస్ట్ నుంచి బ్రియెన్జ్‌కి పడవలో గంటకు పైనే పడుతుంది, తిరుగు ప్రయాణం రైల్లో 20 నిమిషాలే. దారిలో గీస్‌బాహ్ రేవులో దిగితే 1879 నాటి ఫ్యూనిక్యులర్ (ఏటవాలు కొండ మీద తాడు లాగే రైలు) మిమ్మల్ని జలపాతం దగ్గరికి ఎక్కిస్తుంది, నాన్నగారికి మెట్ల బాధ ఉండదు. హిమానీనదాలు కొండరాళ్లని అరగదీసిన మెత్తటి పొడి నీళ్లలో తేలుతుంది కాబట్టే బ్రియెన్జ్ సరస్సుకి ఆ పాలనీలం రంగు. ఎండ పడితేనే దాని అందం.

ఎషినెన్ సరస్సుకి ష్పీట్స్‌లో రైలు మారాలి. అక్కడ ఫిస్ప్ వైపు వెళ్లే ఇంటర్‌సిటీ ఎక్కితే అది కాండర్‌స్టెగ్‌లో ఆగదు, 34.6 కిలోమీటర్ల లెట్ష్‌బెర్గ్ సొరంగంలోంచి అవతలికి వెళ్లిపోతుంది. కాండర్‌స్టెగ్‌లో ఆగే ప్రాంతీయ రైలే ఎక్కండి. కాండర్‌స్టెగ్ నుంచి గొండోలాలో పైకి వెళ్లి దిగాక సరస్సుకి 20-25 నిమిషాల నడక, వెళ్లేటప్పుడు దిగుడు, వచ్చేటప్పుడు ఎగుడు. మోకాళ్లకి ఆ ఎగుడే కష్టం. ఎలక్ట్రిక్ బండి నడుస్తుందేమో గొండోలా కౌంటర్‌లోనే అడగండి. చివరి గొండోలా వేళ కూడా అక్కడే చూసుకోండి.

పల్లెబాట:
చాలా థాంక్సండీ. వాన పడితే ట్రుమెల్‌బాహ్ జలపాతాలు చూడొచ్చా?

రైలుబండి:
కొండ లోపల ఉన్న పది జలపాతాలవి, వానలోనూ బాగుంటాయి. కానీ నాలుగేళ్ల లోపు పిల్లల్ని రానివ్వరు. లిఫ్టు ఉన్నా లోపల తడి మెట్లు తప్పవు. సెయింట్ బియాటస్ గుహలకి కూడా బస్సు స్టాపు నుంచే ఎక్కుడు దారి. వాన రోజున తూన్ పడవలో అద్దాల గదిలో కూర్చుని తూన్ పాత ఊరు చూసి, రైల్లో వచ్చేయండి.

నీలిసరస్సు:
ఒడ్డున నారింజ దీపం మెరుస్తుంటే పాపని నీళ్ల దగ్గరికి పంపకండి, చిన్న పడవలు అద్దెకి తీసుకోకండి. నిమిషానికి 40 సార్లు మెరిస్తే గాలి బలపడొచ్చని, 90 సార్లు మెరిస్తే తుపాను గాలి మీదికి వస్తోందని. ఎండ కాస్తున్నా కొండల మీంచి గాలి ఉన్నట్టుండి దిగుతుంది.