దొంగ చేపల పడవలను ఇండోనేషియా ముంచేయడం: అంతర్జాతీయ చట్టం ఒప్పుతుందా?

కెరటం: 2014 నుంచి 2019 దాకా సుసి పుజియాస్తుతి మత్స్యశాఖ మంత్రిగా ఉండగా ఇండోనేషియా దొంగతనంగా చేపలు పట్టిన 500కు పైగా పడవలను ముంచేసింది. ఎక్కువ వియత్నాంవే. సిబ్బందిని దింపేసి, ఖాళీ పడవకు బాంబు పెట్టి, టీవీలో చూపించి మరీ ముంచారు. వేలం వేస్తే పాత ఓనరే బినామీ పేరుతో కొనుక్కుని మళ్లీ వస్తాడని ఆవిడ వాదన. నాకైతే తప్పేమీ కనిపించలేదు.

ప్లీడరు: ముంచడం మీద కాదండీ, ఎప్పుడు ముంచారన్న దాని మీదే నా పేచీ. 1982 సముద్ర చట్ట ఒప్పందం, 73వ అధికరణ చూడండి. తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా, చేపల మీద హక్కు తీర దేశానిదే అయిన ప్రత్యేక ఆర్థిక మండలం (ఈఈజెడ్)లో విదేశీ పడవను ఆపొచ్చు, సోదా చేయొచ్చు, పట్టుకోవచ్చు, కేసు పెట్టొచ్చు. కానీ తగిన పూచీకత్తు ఇస్తే పడవనూ మనుషులనూ వెంటనే వదిలేయాలి. ఇండోనేషియా 2009 మత్స్య చట్టం 69వ సెక్షనేమో తగినంత ప్రాథమిక ఆధారం ఉంటే తగలబెట్టొచ్చు, ముంచొచ్చు అంటుంది. అడుగుకు పోయిన పడవకు పూచీకత్తు ఎవరు కడతారు?

కెరటం: తీర్పు వచ్చాక ముంచినవీ బోలెడున్నాయి. పైగా 2014లో వర్జీనియా జి కేసులో సముద్ర చట్ట ట్రిబ్యునలే జప్తు దానంతట అది తప్పు కాదంది కదా.

ప్లీడరు: సగమే చదివారు. అది చేపలు పట్టే పడవ కాదు, వాటికి డీజిల్ పోసే ట్యాంకర్. రాతపూర్వక అనుమతి లేదని పశ్చిమాఫ్రికా దేశం గినియా-బిస్సావ్ ఓడనే జప్తు చేస్తే, అంత అవసరం లేదు, 73ను ఉల్లంఘించారు అని అదే ట్రిబ్యునల్ తేల్చింది.

గాలివాటు: మధ్యలో దూరుతున్నా. 2016 మార్చిలో జావా తీరంలోని పంగందారన్ దగ్గర ముంచిన వైకింగ్‌ను ఇందులో కలపకండి. ఇంటర్‌పోల్ వెతికిన ఓడ, ఏ జెండా లేనిది, అంటే ఏ దేశానికీ చెందనిది. తరఫున అడిగే దేశమే లేదు. వియత్నాం పడవకు ఉంది. ఇక అదే నెలలో ఇండోనేషియా నతునా దీవుల దగ్గర ఏమైంది? పట్టుకుని లాక్కొస్తున్న చైనా పడవను చైనా కోస్ట్‌గార్డ్ వచ్చి విడిపించుకుపోయింది, ఇండోనేషియా చేతిలో 8 మంది సిబ్బందే మిగిలారు. ఈఈజెడ్‌లో చేపలు పట్టినందుకు, రెండు దేశాల మధ్య ఒప్పందం లేకపోతే, వాళ్లను జైలుకూ పంపకూడదు. అయినా ఓనరు ఇంట్లో ఉంటాడు, డెక్ మీద దొరికేది కూలీలే.

కెరటం: సరే ప్లీడరు గారూ, ఓనరుకు కబురు పంపి, పూచీకత్తుకు గడువిచ్చి, కోర్టు జప్తు చేశాక ముంచితే?

ప్లీడరు: అప్పుడు బాంబు మీరే పెట్టండి, నేను ఒడ్డున నిలబడి చూస్తా.