ఫోన్ చేతిలో పెట్టుకుని పిల్లలకు మొక్కలు నేర్పించేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

హన్మకొండ టీచర్:
బతుకమ్మ సెలవులు రాకముందే మా ఐదో తరగతి పిల్లలను బయటికి తీసుకెళ్లి తంగేడు, గునుగు, కట్లపూల మొక్కలను చూపించాలనుకుంటున్నాను. ఫోన్ తీసుకెళ్తే పనికొస్తుందా, లేక పిల్లల ధ్యాసంతా దాని మీదికే పోతుందా? చేసి చూసినవాళ్లు చెప్పండి.

నర్సంపేట నాన్న:
మేం ప్లాంట్‌నెట్ అనే, మొక్కలను గుర్తించే యాప్ వాడతాం. ఫొటో పెట్టగానే అది ఆకా, పువ్వా, కాయా, బెరడా అని అడుగుతుంది. నాకు నచ్చింది అదే. దానికి జవాబు చెప్పడానికైనా మా పాప మొక్క చుట్టూ తిరిగి చూస్తుంది. తంగేడు ఆకు ఒక్కటే పెడితే ఏవేవో పేర్లు చూపించింది. పువ్వు కూడా పెట్టాక సరిగ్గా చెప్పింది.

జగిత్యాల సైన్స్ సార్:
టీచర్ గారూ, ఫోన్ తీసుకెళ్లండి, కానీ జేబులోంచి ఆలస్యంగా తీయండి. ముందు పిల్లలు చూడాలి, తర్వాతే ఫొటో.

నేను జమ్మి, సర్కారు తుమ్మ పక్కపక్కన పెట్టి చూపిస్తాను. దసరాకు బంగారమని పంచుకునే ఆకు కాబట్టి జమ్మి అందరికీ తెలుసు. అయినా కొమ్మ చూసి గుర్తుపట్టమంటే తికమకపడతారు. అప్పుడు కెమెరా జూమ్ చేసి ముళ్లు చూడమంటాను. సర్కారు తుమ్మకు ఆకు మొలిచే కణుపు దగ్గర జంటగా పొడుగు ముళ్లుంటాయి. జమ్మికి కణుపుల మధ్య పొట్టి ముళ్లు అక్కడక్కడా ఉంటాయి. జమ్మి మన తెలంగాణ రాష్ట్ర వృక్షం, సర్కారు తుమ్మ అమెరికా ఖండాల నుంచి వచ్చి మన బీళ్లన్నీ ఆక్రమించింది. ఆ తేడా ఫోన్ తెర మీద కనిపెట్టినప్పుడు పిల్లల మొహాలు చూడాలి!

ములుగు అక్క:
మా ఏటూరునాగారం అడవి వైపు చాలా చోట్ల సిగ్నల్ ఉండదు. సీక్ అనే యాప్ నెట్ లేకున్నా మొక్కను గుర్తిస్తుంది, అకౌంట్ కూడా అక్కర్లేదు. కాకపోతే అది చెప్పేది శాస్త్రీయ నామమో, ఇంగ్లీషు పేరో. మన పేరు, ఆ చెట్టుతో ఏం చేస్తారో ఊళ్లో ముసలమ్మలనే అడగాలి. పిల్లలు వాళ్ల మాటలను ఫోన్లో రికార్డు చేస్తే ఆ ఊరి మొక్కల పుస్తకం తయారైనట్టే.

కరీంనగర్ అమ్మ:
ఒక జాగ్రత్త. వయ్యారిభామ కలుపు మొక్కను ముట్టుకోనివ్వకండి, కొందరికి ఒళ్లంతా దురద వస్తుంది. జిల్లేడు పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. యాప్ ఏం చెప్పినా దాన్ని నమ్మి ఏదీ నోట్లో పెట్టుకోకూడదని ముందే గట్టిగా చెప్పండి.

నర్సంపేట నాన్న:
గునుగు చూపించేటప్పుడు ఎండిన కంకిని అరచేతిలో నలిపించండి. నల్లగా మెరిసే సన్నటి గింజలు రాలతాయి. దగ్గరగా ఫొటో తీసి పెద్దది చేసి చూపిస్తే మస్తుగుంటది. పెరట్లో పెంచే సీతమ్మ జడ కూడా ఈ కుటుంబానిదే.

హన్మకొండ టీచర్:
అందరికీ చాలా థాంక్స్. అయితే గునుగుతోనే మొదలుపెడతాను. సార్, ఆ ముళ్ల ఫొటోలు రెండూ ఇక్కడ పెట్టగలరా? మా బడి దగ్గర సర్కారు తుమ్మ ఉంది కానీ జమ్మి లేదు.