సైడ్ బై సైడ్ బండ్లలో బెల్టుకు రోజులు దగ్గర పడ్డాయా?

లంకరైతు, ముమ్మిడివరం:
ఇద్దరు పక్కపక్కన కూర్చుని, కారులాగే స్టీరింగు పట్టి నడిపే ఈ బండ్లలో రాబోయే పెద్ద మార్పు ఇంజనులో కాదు, గేరుబాక్సులో వస్తుందని నా అభిప్రాయం. పోలారిస్ సంస్థ 2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజనుతో ఆర్‌జెడ్‌ఆర్ ప్రో ఆర్‌ను 225 హార్స్‌పవర్‌కు చేరిస్తే, కాన్-యామ్ తన మావెరిక్ ఆర్‌ను 240కి తీసుకెళ్లింది. ఇంజను శక్తిని చక్రాల వైపు అందించడానికి పోలారిస్ ఇప్పటికీ గేర్లకు బదులు రబ్బరు బెల్టునే నమ్ముకోగా, కాన్-యామ్ మాత్రం రెండు క్లచ్‌లతో గేర్లు మార్చే 7 గేర్ల డ్యూయల్ క్లచ్‌కు మారింది. యమహా వైఎక్స్‌జెడ్‌కూ, హోండా టాలన్‌కూ బెల్టు మొదటి నుంచీ లేదు. రెండు పుల్లీల మధ్య నలిగే పట్టీ మీద ఇంత శక్తిని ఎన్నాళ్లని మోపుతారు? తక్కిన పందెపు బండ్లు కూడా గేర్లకే వస్తాయి.

గట్టు మెకానిక్, అమలాపురం:
లంకరైతు గారూ, మీ అంచనాతో నేను ఏకీభవించలేను. నిరుడు వానాకాలంలో చేపల చెరువు గట్టు మీద మేతబస్తాలతో ఆగిపోయిన ఒక బండి బెల్టు మూత విప్పి చూశాను. బురదనీళ్లూ నల్లటి రబ్బరు పొడీ కలిసి గుజ్జుగా పేరుకుని ఉన్నాయి. బెల్టు ఒక పక్క అద్దంలా నునుపెక్కింది, దాని వెనకే పోగులు లేచాయి. కారణం ఏమిటంటే, బెల్టును చల్లబరిచే గాలిగొట్టం క్లిప్పు వదులై, బోదె దాటుతున్నప్పుడు అందులోంచి నీళ్లు లోపలికి పోయాయి. ఇది గొట్టం అమరికలోని లోపమే గానీ బెల్టు తప్పు కాదు. గొట్టం నోటిని పైకప్పు దాకా ఎత్తి, బెల్టు వేడిని చూపే మీటరును ప్రతి బండికీ ఫ్యాక్టరీలోనే బిగిస్తే చాలు. కవాసాకి కేఆర్‌ఎక్స్‌లో సెంట్రిఫ్యూగల్ క్లచ్, అంటే ఇంజను వేగం అందుకున్నాక తనంతట తానే పట్టుకునే క్లచ్, ఉన్నందువల్ల, కదిలేటప్పటి జారుడంతా ఆ క్లచ్చే భరిస్తుంది, బెల్టు ఎప్పుడూ బిగుతుగానే ఉంటుంది. ఈ పద్ధతి ముందుముందు మిగతావాళ్లకూ పాకుతుందని నా నమ్మకం. పైగా బెల్టును గట్టు మీదే మార్చుకోవచ్చు. డ్యూయల్ క్లచ్ చెడితే విప్పగలిగేవాడు ఈ చుట్టుపక్కల ఎవడున్నాడు?

పుంతదారి, రాజోలు:
మీరిద్దరూ వెడల్పు సంగతి మరిచారు. మావెరిక్ ఎక్స్3 ని 64 అంగుళాల్లోనూ 72 అంగుళాల్లోనూ అమ్మారు. మావెరిక్ ఆర్ అంతకన్నా వెడల్పు. ఇసుక తిన్నెల మీద దూకడానికి అది మేలే గానీ, కొబ్బరితోటల మధ్య మా పుంతలో ఆరడుగుల బండికి ఎదురుగా సైకిలొస్తే ఎవరో ఒకరు కాలువలో దిగాలి. ఇక బెల్టు గొడవే లేనిది పోలారిస్ రేంజర్ కైనెటిక్ అనే కరెంటు బండి. 110 హార్స్‌పవర్, మోటారు కదిలిన క్షణం నుంచే పూర్తి లాగుడు, చప్పుడూ తక్కువ. బురదలో మెల్లగా ఈడ్చే పనికి అంతకన్నా ఏం కావాలి? వరదలకు లంకల్లో కరెంటు పోతే ఛార్జింగు ఎలాగన్నది వేరే చిక్కు, దానికి నా దగ్గర జవాబు లేదు.

లంకరైతు, ముమ్మిడివరం:
మెకానిక్ గారు చెప్పిన గొట్టం మాట ఒప్పుకుంటున్నాను. బస్తాలు మోసే బండ్లకు బెల్టు ఇంకా చాలాకాలం ఉంటుంది. పందెపు బండ్ల విషయంలో మాత్రం నా మాట మీదే ఉన్నాను. గట్టు మీదే మార్చుకోవచ్చన్నారు, నిజమే. కానీ ఆ అరగంటలో ఆఖరి పంటు రేవు దాటిపోతే ఆ రాత్రికి లంకలోనే పడుకోవలసింది మేమే గదండీ.