యాంటిగొనీ మీద నాకొక్కదానికేనా చిరాకు?

సోఫొక్లీస్ రాసిన పాత గ్రీకు నాటకం ‘యాంటిగొనీ’ మాకు సిలబస్‌లో ఉంది. గైడ్‌లో క్రియాన్ అంటే అహంకారం, యాంటిగొనీ అంటే ధర్మం అని రెండు ముక్కల్లో తేల్చేశారు. సొంత ఊరు థీబ్స్ మీదికి సైన్యాన్ని తెచ్చి చచ్చిన అన్న శవాన్ని ముట్టొద్దని, రాజైన మేనమామ క్రియాన్ చాటింపు వేయిస్తే, ఈవిడ వెళ్లి ఎండు మట్టి చల్లి, కంచు చెంబుతో మూడుసార్లు ధారపోసి దొరికిపోయింది, అక్కడిదాకా ఆమె వైపే ఉన్నాను. తర్వాతే చిరాకొచ్చింది.

నిద్రలేనిపిట్ట:
తోడబుట్టిన ఇస్మీని దగ్గరేనా? పాపం, నేనూ నీతో చస్తానంటూ వస్తే ‘నువ్వు బతుకును కోరుకున్నావు, నేను చావును’ అని తోసిపారేస్తుంది. చచ్చిపోయిన అన్న మీదున్న ప్రేమలో పావలా వంతు కూడా పక్కనున్న తోబుట్టువు మీద లేదు. క్రియాన్ కొడుకు హేమన్ సంగతి సరేసరి, మన వరసల్లో మేనబావ, పైగా పెళ్లి కుదిరినవాడు, చివరిసారి వెళ్తూ పెళ్లి కాకుండా పోతున్నానని ఏడుస్తుందే గానీ అతని పేరైనా ఎత్తదు.

పాతపుస్తకాలవాడు:
క్రియాన్‌ని మరీ విలన్ చేయకండి. దేశం కన్నా స్నేహితుణ్ణి ఎక్కువగా చూసేవాడు నాకు లెక్కలోకే రాడని మొదట్లో అంటాడు చూడండి, ఆ ప్రసంగాన్ని క్రీ.పూ. 343లో డెమోస్తనీస్ అనే పేరున్న వక్త ఏథెన్స్ కోర్టులో చదివించాడు. అంటే వాళ్లకది మంచి మాటే. మనిషి ఎక్కడ చెడ్డాడంటే, ఆడదాని చేతిలో ఓడానని అనిపించుకోకూడదన్న టెన్షన్‌లో కొడుకు మాట కూడా వినలేదు.
ఇంకోటి. గుడ్డి జోస్యుడు టైరీసియస్ భయపెట్టి వెళ్లాక ఊరి పెద్దలు ‘ముందు పిల్లని విడిపించు, తర్వాత శవాన్ని పూడ్చు’ అంటారు. ఈయన తలకిందులు చేశాడు. శవాన్ని కడిగి, కాల్చి, మట్టి దిబ్బ పోసి, అప్పుడు ఆమెని బతికుండగానే మూసిపెట్టిన గుహకి వెళ్లాడు. అప్పటికే ఆ అమ్మాయి సన్నటి బట్టతో ఉరేసుకుంది. విషాద నాటకంలో నాయకుడు ఎందుకు పడిపోతాడో చెప్పడానికి అరిస్టాటిల్ వాడిన హమార్తియా అన్న మాటకి అసలు అర్థం గురి తప్పడం, మన గైడ్లు దాన్ని గుణదోషం చేసేశాయి.

అడిగినావిడే:
పేజీలు వెనక్కి తిప్పి చూశాను, నిజమే, ఆ వరస గమనించనేలేదు. మరి ‘మొగుడు పోతే ఇంకొకడు దొరుకుతాడు, అమ్మానాన్నా లేరు కాబట్టి అన్న మళ్లీ పుట్టడు’ అంటుందే, దాన్నేం చేయాలి?

నిద్రలేనిపిట్ట:
ఆ మాటలు జర్మన్ కవి గోథేకే మింగుడుపడలేదండీ, ఎవరైనా పండితుడు అవి సోఫొక్లీస్ రాసినవి కావని తేలిస్తే బాగుండునన్నాడు. నాకైతే అక్కడే ఆవిడ మనిషిలా కనిపిస్తుంది. అంతకుముందు క్రియాన్ ఎదుట దేవతల చట్టం అని పెద్ద మాటలు చెప్పింది, చావు దగ్గరకొచ్చేసరికి మిగిలింది ఆ ఒక్క అన్నే.