అప్‌డేట్: కాలేజీ బాస్కెట్‌బాల్ షూటర్లను డ్రాఫ్ట్‌కు ముందు అంచనా వేయడం – దారి దొరికింది

కాలేజీలో త్రీలు (దూరపు గీత అవతలి నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) బాగా వేసినవాళ్లలో ఎన్‌బీఏలో (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) ఎవరు తడబడతారో, డ్రాఫ్ట్‌కు (జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) ముందే ఎలా పసిగట్టాలని అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసింది ఫ్రీ త్రో (ఫౌల్ జరిగినప్పుడు అడ్డు లేకుండా వేసే షాట్) శాతం చూడమన్న సలహానే. సీజన్‌లో 125 త్రీలు ప్రయత్నిస్తే, పది బంతులు అటూ ఇటూ అయినా త్రీ శాతం 8 పాయింట్లు మారిపోతుంది. ఫ్రీ త్రోకి డిఫెండర్ ఉండడు, దూరం మారదు; షాట్ ఎలాంటిదో తేటగా తెలుస్తుంది. ఇప్పుడు ముందు ఫ్రీ త్రో శాతం, తర్వాత ఎన్ని త్రీలు ప్రయత్నించాడు, ఆఖర్న త్రీ శాతం చూస్తున్నా. ఫ్రీ త్రోలు మరీ తక్కువుంటే రెండు సీజన్లవి కలపాలి.

తిరగేసిన ఉదాహరణగా కవాయ్ లెనర్డ్‌నే చూడండి: శాన్ డియాగో స్టేట్ కాలేజీలో త్రీలు 25 శాతమే, ఫ్రీ త్రోలు 74. 2011 డ్రాఫ్ట్‌లో 15వ ఎంపిక. తొలి ఎన్‌బీఏ సీజన్‌లోనే త్రీలు 37 శాతం దాటాయి. షాట్‌ను సరిదిద్దిన అతని జట్టు స్పర్స్ కోచింగ్‌కీ అందులో వాటా ఉంది.

త్రీ లైన్ దూరం (కాలేజీలో 22 అడుగుల 1.75 అంగుళాలు, ఎన్‌బీఏలో 23 అడుగుల 9 అంగుళాలు) లెక్కలో కలిపినా నా ర్యాంకింగ్ మారలేదు.