విండోస్ సపోర్ట్ చేస్తున్నాను, ముందు ఏ క్లౌడ్ పరీక్ష రాయాలి?

తెనాలి కుర్రాడు

నమస్తే అండి. బీఎస్సీ కంప్యూటర్స్ చేసి హైదరాబాద్‌లో మూడేళ్లుగా విండోస్ సపోర్ట్‌లో ఉన్నాను. యాక్టివ్ డైరెక్టరీలో యూజర్లను కలపడం, పాస్‌వర్డ్ రీసెట్‌లు, సర్వర్ ప్యాచింగ్, బ్యాకప్ ఫెయిలైతే టికెట్ మూసేదాకా కూర్చోవడం, ఇదీ నా పని. లైనక్స్ అంతంతమాత్రం, కోడింగ్ రాదు. అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్తే ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్), అజూర్ (మైక్రోసాఫ్ట్ క్లౌడ్), డెవాప్స్ మూడూ కలిపి ప్యాకేజీ అన్నారు. డంప్స్ (బయటికి వచ్చిన పరీక్ష ప్రశ్నలు, జవాబులు) కూడా వాళ్లే ఇస్తారట, పాస్ గ్యారంటీ అట. మా రూమ్‌లో వాళ్లేమో ఉద్యోగాలన్నీ ఏడబ్ల్యూఎస్‌లోనే అంటున్నారు. ముందు ఏది రాయమంటారు? ఏజెడ్-900 (అజూర్ బేసిక్స్ పరీక్ష) లాంటి చిన్నదానితో మొదలుపెట్టాలా? ఇంకోటి, ఇంగ్లిష్ అర్థమవుతుంది కానీ మెల్లగా చదువుతాను. టైమ్ చాలదేమోనని టెన్షన్.

సర్వర్‌రూమ్ అక్క

తమ్ముడూ, నీకు ఏజెడ్-104, అంటే అజూర్ అడ్మినిస్ట్రేటర్ పరీక్ష. ఇంకో ఆలోచన పెట్టుకోకు.

ఆ పరీక్షలో ఐడెంటిటీ, గవర్నెన్స్ భాగానికే 20 నుంచి 25 శాతం వెయిటేజీ ఉంటుంది. యూజర్లు, గ్రూపులు, ఎవరికి ఏ పర్మిషన్ ఇవ్వాలి అన్నది నువ్వు రోజూ చేసే పనే. ఎంట్రా ఐడీలో (అజూర్ వైపు యూజర్ల డైరెక్టరీ) యాక్టివ్ డైరెక్టరీలోలా ఓయూలు (యూజర్లను విభాగాలుగా పెట్టే ఫోల్డర్లు), గ్రూప్ పాలసీలు ఉండవు, అది కాస్త అలవాటు కావాలి. బ్యాకప్, వర్చువల్ మెషీన్లు (వీఎంలు) కూడా నీకు కొత్త కాదు. కష్టపడాల్సింది నెట్‌వర్కింగ్ దగ్గరే.

ఏజెడ్-900 రాయకపోయినా ఏజెడ్-104 రాయొచ్చు. దాని పాఠాలు మైక్రోసాఫ్ట్ లెర్న్‌లో ఉచితంగా ఉన్నాయి, చదివెయ్, ఫీజు మిగుల్చుకో.

ఇక డంప్స్. మా టీమ్ ఇంటర్వ్యూల్లో నేనూ కూర్చుంటాను. రెజ్యుమేలో సర్టిఫికెట్లు వరసగా ఉంటాయి. నేను అడిగేది ఒకటే: "వీఎంకి 3389 పోర్ట్ అలౌ రూల్ పెట్టావు, అయినా ఆర్డీపీ (రిమోట్ డెస్క్‌టాప్) రావట్లేదు. ఎక్కడ చూస్తావు?" డంప్స్ బట్టీ పట్టినవాళ్లు "పోర్ట్ ఓపెన్ చేస్తాను మేడమ్" అంటారు. అయ్యా, ఓపెన్ చేశాననే కదా చెప్పాను! ఎన్ఎస్‌జీ అంటే ట్రాఫిక్‌ని వదిలే, ఆపే రూల్స్ జాబితా. దాన్ని సబ్‌నెట్‌కీ (నెట్‌వర్క్‌లో ఒక భాగం) పెట్టొచ్చు, నెట్‌వర్క్ కార్డుకీ పెట్టొచ్చు. రెండు చోట్లా ఉంటే రెండూ ఒప్పుకుంటేనే లోపలికి వస్తుంది. పైగా ప్రయారిటీ నంబర్ చిన్నదైతే ఆ రూల్ ముందు చూస్తుంది. 200లో డినై ఉంటే 300లో నువ్వు పెట్టిన అలౌ దాకా రానే రాదు.

ఇది పుస్తకంలో చదివితే నిలవదు. ఒక చిన్న వీఎం పెట్టు, రెండు చోట్లా ఎన్ఎస్‌జీలు తగిలించు, కావాలని ఒకదాంట్లో డినై పెట్టి చెడగొట్టు. తర్వాత నెట్‌వర్క్ వాచర్‌లో (అజూర్‌లో నెట్‌వర్క్ తనిఖీ టూల్) ఐపీ ఫ్లో వెరిఫై నడుపు. ఏ రూల్ ఆపుతోందో పేరుతో సహా చూపిస్తుంది. అలాగే మూడు వీనెట్‌లు (అజూర్‌లో వర్చువల్ నెట్‌వర్క్‌లు) తీసుకుని మొదటిదాన్ని రెండోదానితో, రెండోదాన్ని మూడోదానితో పీర్ చెయ్, అంటే నేరుగా కలుపు. మొదటిదాని నుంచి మూడోదానికి కనెక్ట్ అవ్వదు. ఎందుకు అవ్వదో నీకు నువ్వు చెప్పుకోగలిగితే సగం నెట్‌వర్కింగ్ వచ్చినట్టే.

కొత్త అకౌంట్‌కి 200 డాలర్ల క్రెడిట్ ఇస్తారు, 30 రోజుల్లో వాడేసుకోవాలి. కాబట్టి పాఠాలు కొంత నడిచాకే అకౌంట్ తెరువు. ఒక జాగ్రత్త: వీఎం లోపలికి వెళ్లి షట్‌డౌన్ కొడితే బిల్లు ఆగదు. అజూర్ పోర్టల్‌లోనే స్టాప్ చేసి, "డీఅలకేటెడ్" అని కనిపించాలి. అప్పుడు కూడా డిస్కుకి డబ్బు పడుతూనే ఉంటుంది. ప్రాక్టీస్ అయ్యాక రిసోర్స్ గ్రూప్ (నువ్వు పెట్టినవన్నీ ఉండే గ్రూప్) మొత్తం డిలీట్ చేసి పడుకో. బడ్జెట్ అలర్ట్ మెయిల్ పంపుతుందే తప్ప దేన్నీ ఆపదు.

డల్లాస్ బావ

అక్క చెప్పినదానితో ఒక్కచోట ఒప్పుకోను. సపోర్ట్ నుంచి బయటపడి ప్రొడక్ట్ కంపెనీలకో స్టార్టప్‌లకో వెళ్లాలనుకుంటే ఏడబ్ల్యూఎస్ సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ మంచిది. 65 ప్రశ్నలు, 130 నిమిషాలు, 1000కి 720 రావాలి. ఆ 65లో 15 ప్రశ్నలకు మార్కులే లెక్కపెట్టరు, కానీ అవి ఏవో మనకి చెప్పరు. ఫీజు 150 డాలర్లు, పాసైతే తర్వాతి పరీక్షకి సగం రాయితీ. సర్టిఫికెట్ మూడేళ్లు ఉంటుంది. అజూర్‌ది ఏడాదే కదా?

సర్వర్‌రూమ్ అక్క

ఏడాదే, కానీ రెన్యువల్ ఉచితం బావగారూ. గడువుకి ఆరు నెలల ముందు నుంచే ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో రాసుకోవచ్చు, కెమెరా ముందు కూర్చోబెట్టరు. మీ మాట కొట్టిపారేయను. కానీ ఈ అబ్బాయి చేతిలో మూడేళ్ల విండోస్ అనుభవం ఉంది. దాన్ని పక్కనపెట్టి ఏడబ్ల్యూఎస్‌కి వెళ్తే ఇంటర్వ్యూలో ఫ్రెషర్‌లా చూస్తారు. ముందు అజూర్ ఉద్యోగంలో పడనివ్వండి, తర్వాత ఏడబ్ల్యూఎస్ దానంతట అదే వస్తుంది.

తెనాలి కుర్రాడు

థాంక్స్ అక్కా, ఏజెడ్-104కే ఫిక్స్ అయ్యాను. మరి ఇంగ్లిష్ సంగతి? ఇంకా ఎస్సార్ నగర్‌లో నలుగురం ఒక రూమ్‌లో ఉంటాం. పరీక్ష రూమ్‌లోనే రాయొచ్చా, సెంటర్‌కి వెళ్లాలా?

సర్వర్‌రూమ్ అక్క

సెంటర్‌కే వెళ్లు. ఇంట్లో రాస్తే టేబుల్, గోడలు అన్నీ ఫొటోలు తీసి పంపాలి. మధ్యలో ఒక్క రూమ్మేట్ తలుపు తీసి తొంగిచూసినా పరీక్ష ఆపేయొచ్చు. నెట్ పోతే ఆ గొడవ వేరే.

టైమ్ గురించి: పరీక్ష నీ భాషలో లేకపోతే అదనంగా 30 నిమిషాలు అడగొచ్చు. తెలుగులో లేదు కాబట్టి నీకు వర్తిస్తుంది. మామూలుగా ఇచ్చేది 100 నిమిషాలు, దాని మీద అరగంట అంటే మాటలు కాదు. కానీ స్లాట్ బుక్ చేయకముందే అప్లై చేసి అప్రూవల్ తెచ్చుకో. మనవాళ్లలో ఈ సంగతి చాలామందికి తెలియదు. ఏడబ్ల్యూఎస్‌లోనూ ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లకి ఇదే అరగంట ఉంది.

పరీక్ష రాస్తుండగా మైక్రోసాఫ్ట్ లెర్న్ పేజీలు తెరిచి చూసుకోవచ్చు కూడా. 2023 నుంచి అలా ఇచ్చారు, ఏజెడ్-900 లాంటి ఫండమెంటల్స్ పరీక్షల్లో మాత్రం లేదు. అయితే గడియారం ఆగదు. కాబట్టి పాఠం చదవడానికి కాదు, ఏ స్టోరేజ్ టైర్‌కి ఏ రిడండెన్సీ (డేటాకి అదనపు కాపీలు) దొరుకుతుంది లాంటి టేబుల్ ఒకసారి సరిచూసుకోవడానికి వాడు.

గుంటూరు గోంగూర

పేరు సంగతి మర్చిపోవద్దు బ్రో! ప్రొఫైల్‌లో పేరు, సెంటర్‌లో చూపించే ఐడీలో పేరు ఒకేలా ఉండాలి. మనకి ఒక కార్డులో ఇంటిపేరు పూర్తిగా, ఇంకోదాంట్లో పొడి అక్షరంగా ఉంటుంది కదా. బుక్ చేసేముందే సరిచేసుకో. కేస్ స్టడీ (ఒక కంపెనీ పరిస్థితి ఇచ్చి దాని మీద అడిగే ప్రశ్నలు) వస్తే ఆ సెక్షన్ దాటాక మళ్లీ వెనక్కి రానివ్వరు, అందులో ఏదీ "తర్వాత చూద్దాం" అని వదలకు.

తెనాలి కుర్రాడు

ఫెయిలైతే?

సర్వర్‌రూమ్ అక్క

మొదటిసారి పోతే 24 గంటల తర్వాత మళ్లీ రాయొచ్చు. రెండోసారి పోతే 14 రోజులు ఆగాలి. ఫీజు మాత్రం ప్రతిసారీ కట్టాల్సిందే. లెర్న్‌లో ప్రాక్టీస్ అసెస్‌మెంట్ ఉచితంగా ఉంది, అందులో వరసగా 80 శాతం పైన వస్తున్నాకే స్లాట్ తీసుకో.