ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి కొరియర్ చేయమంటున్నారు. చేయొచ్చా?

నాన్నకారు:

అందరికీ నమస్కారం. నేను కెనడాలో ఉంటాను. ఇండియాలో నా పేరు మీద ఒక డీజిల్ స్విఫ్ట్ ఉంది. 2015 మోడల్, తెలంగాణ నంబర్. నేను ఇటు వచ్చేశాక నాన్నే నడిపేవారు. మోకాళ్ల ఆపరేషన్ అయ్యాక మానేశారు. వారానికోసారి కిందకి దిగి, కవర్ తీసి, ఇంజన్ స్టార్ట్ చేసి, పది నిమిషాలు లోపలే కూర్చుని, మళ్లీ కవర్ కప్పి పైకి వస్తారు. అమ్మేద్దాం అంటే రెండేళ్లుగా "చూద్దాంలే" అంటూ వచ్చారు. మొన్న ఆయనే ఫోన్ చేసి బేరం కుదిరిందన్నారు.

కొనే ఆయనది ఆంధ్ర. మధ్యలో ఒక బ్రోకర్. బండి అమ్మేటప్పుడు ఆర్టీఓ ఆఫీసులో ఇచ్చే 28, 29, 30 ఫారాలు మూడేసి సెట్లు ప్రింట్ తీసి, ఏమీ నింపకుండా కింద సంతకం మాత్రం పెట్టి పంపమంటున్నాడు. తేదీ కూడా వేయొద్దట. "మిగతాదంతా మేం చూసుకుంటాం సార్, మీరేం టెన్షన్ పడకండి" అన్నాడు. ఆ మాట విన్నాకే నాకు టెన్షన్ మొదలైంది.

ఇంకోటి. లోన్ 2019లోనే తీరిపోయింది కానీ ఆర్సీలో బ్యాంకు పేరు అలాగే ఉండిపోయింది. అప్పట్లో బ్యాంకువాళ్లు ఇచ్చిన కవరు బీరువాలో ఎక్కడో ఉండాలి అంటోంది అమ్మ. దీనికోసం నేను టికెట్ పెట్టుకుని రావాల్సిందేనా?

చేయికాల్చుకున్నవాణ్ని:

పంపకండి. నేను పంపాను కాబట్టి చెప్తున్నాను.

నేను సింగపూర్‌లో ఉన్నప్పుడు అచ్చం ఇలాగే అమ్మాను. డబ్బు మర్నాడే అకౌంట్లో పడింది. అమ్మయ్య అనుకుని మర్చిపోయాను. ఏడాది దాటాక చలాన్లు మొదలయ్యాయి. నేనెప్పుడూ అడుగు పెట్టని ఊళ్లో, రాత్రి రెండింటికి, ఓవర్ స్పీడ్. ఫోటో పెద్దది చేసి చూస్తే వెనక అద్దం మీద మా పాప అంటించిన సీతాకోకచిలుక స్టిక్కర్ చెక్కుచెదరకుండా ఉంది. కొన్నాయనకి ఫోన్ చేస్తే "నేను ఎప్పుడో ఇచ్చేశానండీ" అన్నాడు. నా ఖాళీ ఫారాలు కూడా బండితో పాటే ఇచ్చేశాడట. అవి ఖాళీగా అడిగేది అందుకే. పేరు రాయకపోతే ఎంతమంది చేతులు మారినా ఎవరూ ట్రాన్స్‌ఫర్ చేయించుకోరు, అందరికీ నా సంతకమే పనికొస్తుంది.

చలాన్లు కట్టేసి ఊరుకున్నాను. తర్వాత ఆ బండి ఎవరినో గుద్దిందని స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. ఆ మనిషికి పెద్ద దెబ్బలు తగల్లేదు కాబట్టి బయటపడ్డాను. ఆర్సీలో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్లే ఓనర్ అని, యాక్సిడెంట్ పరిహారం భారం కూడా వాళ్ల మీదే పడుతుందని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో చెప్పింది. ఆ కేసులో కూడా బండి చేతులు మారింది, ఆర్సీలో పేరు మారలేదు. అమ్మిన కాగితం నా దగ్గరుంది కదా అంటే కుదరదు.

కౌంటర్‌నంబర్‌నాలుగు:

ఇరవై ఏళ్లు ఆర్టీఓ ఆఫీసుల చుట్టూ ఫైళ్లు మోసినవాణ్ని. టికెట్ అక్కర్లేదు గానీ పని వరసలో జరగాలి.

ముందు ఆ కవరు వెతికించండి. అందులో లోన్ తీరిపోయిందని బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, ఆర్సీలోంచి బ్యాంకు పేరు తీసేయడానికి వాళ్ల సంతకం, స్టాంపు ఉన్న ఫారం 35 ఉంటాయి. 2019వి కాబట్టి పాతబడ్డాయి అంటారు. లోన్ నంబర్ ఇచ్చి బ్యాంకులో కొత్తవి తీసుకోండి. హైపోతికేషన్, అంటే ఆర్సీలో ఉన్న ఆ బ్యాంకు పేరు, ఎత్తేయకుండా మిగతా ఏ ఫారం పెట్టినా తిరిగి చేతికే వస్తుంది.

అది తీరాక ఫారం 28. వేరే రాష్ట్రానికి పోతోంది కదా, బండి రిజిస్టర్ అయిన ఆఫీసు నుంచి నిరభ్యంతర పత్రం కావాలి. పెండింగ్ చలాన్లు ముందే కట్టేయండి. ఛాసిస్ నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ముద్ర తీయాలి. అంకెలు మసకగా వస్తే ఒప్పుకోరు. మోకాళ్ల ఆపరేషన్ అయిన మనిషిని వంగమనకండి, మెకానిక్ చేత తీయించండి.

పేరు మార్పిడికి పెట్టే 29, 30 ఆఖర్న. కొనేవాడి పేరు, అడ్రసు, తేదీ అన్నీ నింపాకే సంతకం. బండి రిజిస్టర్ అయిన రాష్ట్రంలోనే కొనేవాడు ఉంటే అమ్మినవాడు 14 రోజుల్లో ఆఫీసుకి తెలపాలి. మీ లాగా రాష్ట్రం మారితే 45 రోజులు. కొన్నవాడికి 30 రోజులు. అక్కడి లైఫ్ ట్యాక్స్ ఆయనే కట్టుకోవాలని బేరంలోనే తేల్చండి, తర్వాత మీ ధరలోంచి కోస్తానంటాడు.

ఇవన్నీ మీ నాన్నగారు చేయాలంటే ఆయన పేరున స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే ఈ పని వరకే అధికారం ఇచ్చే కాగితం, పంపండి. జనరల్ వద్దు. బండి నంబర్, ఇంజన్ నంబర్, ఛాసిస్ నంబర్ వేసి ఏయే పనులకో పేరుపేరునా రాయండి. అక్కడి ఇండియన్ కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించొచ్చు. లేదంటే నోటరీ, ఆపైన అపోస్టిల్, అంటే ఒప్పందంలో ఉన్న దేశాలు ఒకరి కాగితాలు ఒకరు ఒప్పుకునేలా వేసే ప్రభుత్వ ముద్ర. కెనడాకి ఆ ఒప్పందం 2024 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. కాగితం ఇండియాకి చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఇది చాలామంది మర్చిపోతారు. సంతకం పెట్టేముందే డ్రాఫ్టు ఆ ఆఫీసులో చూపించి రమ్మనండి. ఒక్కో ఆఫీసుది ఒక్కో పట్టుదల.

నాన్నకారు:

ఇద్దరికీ చాలా థ్యాంక్స్. బ్రోకర్‌కి ఖాళీవి పంపనని చెప్పేశాను, అలిగాడు. కొనే ఆయన మాత్రం మంచి మనిషిలానే ఉన్నాడు, ఆధార్, అడ్రసు వెంటనే పంపాడు.

ఒక చిన్న చిక్కు. కారు కొన్నప్పుడు నా సంతకం తెలుగులో ఉండేది. ఇక్కడికి వచ్చాక పాస్‌పోర్ట్ రెన్యువల్‌లో ఇంగ్లీషులోకి మార్చాను. ఇప్పుడు పవర్ మీద ఏది పెట్టాలి? నిన్న రాత్రి పాతది పెట్టి చూశాను. చివర్లో కొమ్ము ఎటు తిప్పేవాణ్నో గుర్తు రావడం లేదు. నా సంతకాన్ని నేనే ఫోర్జరీ చేస్తున్నట్టుంది.

కౌంటర్‌నంబర్‌నాలుగు:

పాస్‌పోర్ట్‌లో ఉన్నదే పెట్టండి, కాన్సులేట్‌లో చూసేది దాన్నే. రెండు సంతకాలూ నావే అని ఒక అఫిడవిట్ రాసి, దాని మీద రెండూ పెట్టి, అదే రోజు అటెస్ట్ చేయించండి. పాత పాస్‌పోర్ట్ కాపీ జతచేస్తే ఇంకా మంచిది.

మావయ్యగ్యారేజ్:

ఇంత తతంగం వద్దనుకునేవాళ్లకి ఇంకో దారి. ఆర్టీఓ దగ్గర రిజిస్టర్ అయిన ఆథరైజ్డ్ డీలర్‌కి అమ్మండి. 2023 ఏప్రిల్ నుంచి అమలవుతున్న రూల్స్ ప్రకారం బండి అప్పగించినట్టు ఫారం 29సీ ఆన్‌లైన్‌లో పెడితే, అక్కడి నుంచి బండి బాధ్యత డీలర్‌దే. అయితే ఆథరైజ్డ్ డీలర్ అని ఆర్టీఓ ఇచ్చే 29బీ సర్టిఫికెట్ చూపించమని అడగండి. బోర్డు పెట్టుకున్న ప్రతివాడూ ఆథరైజ్డ్ కాదు. నాలుగు డబ్బులు తక్కువొస్తాయి, అది వేరే సంగతి.

డబ్బు ఎన్‌ఆర్‌ఓ అకౌంట్‌లోకే (విదేశాల్లో ఉండేవాళ్లకి ఇండియా బ్యాంకులో ఉండే ఖాతా) వేయించుకోండి. 2 లక్షలు, అంతకు పైన క్యాష్ తీసుకోవడం చట్టప్రకారం కుదరదు. ఇంకా, ఇన్సూరెన్స్‌లో నో క్లెయిమ్ బోనస్ మీదే, బండితో పోదు. కంపెనీని లెటర్ అడిగి తీసుకుంటే మూడేళ్లలోపు మీ పేరున కొనే ఇంకో కారుకి వాడుకోవచ్చు.

నాన్నకారు:

అప్‌డేట్. పదకొండు వారాలు పట్టింది కానీ అయిపోయింది. నేను రావాల్సిన పని పడలేదు.

బ్యాంకు కొత్త ఎన్‌ఓసీకే నాలుగు వారాలు తిన్నది. అమ్మ చెప్పిన కవరు చివరికి దొరికింది, బీరువాలో కాదు, కారు డాష్‌బోర్డులో. పెన్సిల్ ముద్ర రెండోసారికి కుదిరింది. సంతకం సంగతి ఎవరో ఒకరు అడుగుతారని తెలిసే అఫిడవిట్ పైన పెట్టమన్నాను. కౌంటర్లో మొదటి ప్రశ్న అదేనట. కారు అప్పగించేటప్పుడు తేదీ, టైమ్, కిలోమీటర్ల రీడింగ్ రాసి ఇద్దరూ సంతకాలు పెట్టారు. ఎవరూ చెప్పకపోయినా నాన్నే రాయించారు.

నేను మర్చిపోయింది ఫాస్టాగ్. కారు ఇచ్చిన సాయంత్రమే ఇక్కడ నా ఫోన్‌కి టోల్ కట్ అయిందని మెసేజ్, గంటలో ఇంకోటి. కొనే ఆయన ఇంటికి ఎంత దూరంలో ఉన్నాడో నాకు తెలిసిపోతోంది. బ్యాంకుకి ఫోన్ చేసి అప్పటికప్పుడు ట్యాగ్ క్లోజ్ చేయించాను. మీరు తాళాలు ఇచ్చే ముందే చేయించండి.

కొత్త ఆర్సీ ఫోటో నిన్న వచ్చింది, ఆయన పేరు మీద. కారు కవర్ మాత్రం నాన్న ఇవ్వలేదట. పవర్ డ్రాఫ్టు ఎవరికైనా కావాలంటే నంబర్లు తీసేసి ఇక్కడే పెడతాను.